కొత్త నెమలి, పాత మంద

భారతదేశంలో నెమలిని పట్టి పెంచుకోవటం నేరం. 1963లో జాతీయ పక్షిగా ప్రకటింపబడిన నెమలిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆస్ట్రేలియాలో అదే పక్షిని కోడినీ బాతునూ కొన్నట్టే కొనుక్కోవచ్చు. నగరానికి గంట దూరంలో నాలుగైదు ఎకరాల స్థలం తీసుకున్న మనవాళ్ళు కొందరు మొదట కోళ్ళు పెంచి, ఆ ధైర్యంతో ఒక నెమళ్ళ జంటను తెచ్చుకుంటారు. కుమారస్వామి వాహనమనో, పిల్లలు ముచ్చటపడ్డారనో, చిన్నప్పుడు పుస్తకంలో దాచుకున్న నెమలీక గుర్తుకొచ్చో ఆ కొనుగోలు జరుగుతుంది. రెండేళ్ళు గడిచాక ఇంకొక ఆడ నెమలినో, వేరే వంశానికి చెందిన మగ నెమలినో తేవాలనిపిస్తుంది. ఉన్న మందలో కొత్త పక్షిని ఎలా కలపాలన్న ప్రశ్న అక్కడ పుడుతుంది.

ఈ ప్రశ్న అడిగే వారందరి మనసులోనూ ఉండే భయం ఒకటే: పాతవి కొత్తదానిని పొడిచి చంపుతాయేమో! ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే పోట్లాట కంటికి కనపడుతుంది, చెవికి వినపడుతుంది, మధ్యలో దూరి విడదీయటానికి వీలుంటుంది. కంటికి కనపడకుండా జరిగే ఇచ్చిపుచ్చుకోలు మరొకటుంది. కొత్త పక్షి తన ఒంట్లోని క్రిములను మందకు ఇస్తుంది. మంద తన నేలలోని క్రిములను కొత్త పక్షికి ఇస్తుంది. కొత్త నెమలి వచ్చిన కొన్ని వారాలలో జరిగే మరణాలను అర్థం చేసుకోవాలంటే ముందు ఈ రెండో వ్యవహారాన్ని చూడాలి. నేను మనుషుల వైద్యుణ్ణి, పక్షుల వైద్యుణ్ణి కాను. కాబట్టి ఇక్కడ మందుల పేర్లూ మోతాదులూ చెప్పను. అవి పశువైద్యులు నిర్ణయించవలసినవి. ఆసుపత్రి వార్డులో కొత్త రోగిని చేర్చుకొనేటప్పుడు మేము పాటించే తర్కమే నెమళ్ళకూ ఎలా వర్తిస్తుందో చెప్పటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆస్ట్రేలియాలో నెమలి

మనం నెమలి అనే పక్షిని 1758లో లినేయస్ పావో క్రిస్టాటస్ అని వర్గీకరించాడు. భారత ఉపఖండమూ శ్రీలంకా దీని స్వస్థలాలు. కోడి, టర్కీ, కౌజు, కంజు చేరిన కుటుంబమే దీనిదీ. ఈ చుట్టరికం ముందు ముందు మనకు పని చేస్తుంది, ఎందుకంటే కోడికి వచ్చే జబ్బులలో చాలా భాగం నెమలికీ వస్తాయి. మగ నెమలి బరువు 4 నుండి 6 కిలోలు, ఆడ నెమలి బరువు సుమారు 3 నుండి 4 కిలోలు. మగపిల్లకు మూడో ఏడు నిండేదాకా పూర్తి పింఛం రాదు.

ఆస్ట్రేలియాకు నెమలి వలసదారు. 19వ శతాబ్దంలో ఐరోపా నుండి వచ్చి స్థిరపడినవారు ఇతర దేశాల జంతువులనూ పక్షులనూ మొక్కలనూ తెచ్చి ఇక్కడ నాటుకొనేట్టు చేయటాన్ని ఒక ఉద్యమంగా నడిపారు. 1861లో విక్టోరియాలో అందుకోసమే ఒక సంఘం ఏర్పడింది. పెద్ద భవంతుల తోటలకు అలంకారంగా వచ్చిన నెమళ్ళు కొన్ని చోట్ల మనిషి చేయి దాటి స్వతంత్రంగా బతకసాగాయి. పెర్త్ తీరానికి దగ్గరగా ఉన్న రాట్‌నెస్ట్ ద్వీపానికి పెర్త్ జంతు ప్రదర్శనశాల నుండి గత శతాబ్దపు రెండో దశకంలో నెమళ్ళు చేరాయి. విక్టోరియాకూ టాస్మేనియాకూ నడుమనున్న కింగ్ ద్వీపంలోనూ అడవి పాలైన నెమళ్ళ గుంపులున్నాయి. రాజధాని కాన్‌బెరాలోని నరబండా అనే పేటలో వీధుల వెంట తిరిగే నెమళ్ళను పట్టి తొలగించే ప్రతిపాదన 2018లో వచ్చినప్పుడు ఆ పేటవాసులు రెండుగా చీలిపోయారు. పక్షుల అందం చూసి మురిసేవారు ఒక వైపు, తెల్లవారక ముందే మొదలయ్యే కేకలతో నిద్ర లేనివారు మరో వైపు. అన్నట్టు సంస్కృతంలో నెమలికి కేకి అన్న పేరు దాని అరుపు వల్లనే వచ్చింది. మన సంగీతశాస్త్రం షడ్జమాన్ని నెమలి స్వరంగా చెప్పింది. పక్కింటి వారి చెవికి అది షడ్జంగా వినపడుతుందని మనం ఆశించలేము.

రెండు వైపులా నడిచే రోగం

నెమళ్ళ పెంపకంలో తప్పనిసరిగా తెలుసుకోవలసిన వ్యాధి హిస్టమోనియాసిస్. పెంపకందారులు దీనిని బ్లాక్‌హెడ్ అంటారు. తల నల్లబడాలన్న నియమం మాత్రం ఏమీ లేదు. హిస్టమోనాస్ అనే ఏకకణ జీవి పేగుల చివరనున్న అంధనాళాలలో చేరి పుండ్లు చేస్తుంది. అక్కడి నుండి రక్తం ద్వారా కాలేయానికి పాకి గుండ్రటి మచ్చలుగా కణజాలాన్ని చంపుతుంది. పక్షి రెక్కలు వేలాడేసి, మెడ ముడుచుకొని, ఒక మూల నిలబడుతుంది. రెట్ట గంధకపు పసుపు రంగులోకి మారుతుంది. టర్కీలలో ఈ వ్యాధి మందలో చాలా భాగాన్ని తుడిచిపెట్టగలదు. నెమళ్ళు, ముఖ్యంగా నెమలిపిల్లలు, దీనికి తేలికగా లొంగుతాయి. కోళ్ళు మాత్రం చాలావరకు ఏ లక్షణమూ లేకుండానే దీనిని మోస్తాయి.

ఈ క్రిమి బయట గాలిలో కొన్ని గంటలకు మించి బతకలేదు. మరి ఏళ్ళ తరబడి ఒకే పెరడులో ఎలా నిలుస్తుంది? హెటరాకిస్ అనే చిన్న ఏలికపాము కూడా అదే అంధనాళంలో నివసిస్తుంది. హిస్టమోనాస్ ఆ పాము పెట్టే గుడ్డులోకి దూరుతుంది. రెట్టతో నేల మీద పడిన ఆ గుడ్డు గట్టి పెంకు చాటున మట్టిలో ఏళ్ళ పాటు చెక్కుచెదరదు. వానపాములు మట్టితో పాటు ఆ గుడ్లను మింగి, వాటిలోని పిల్లపురుగులను తమ ఒంట్లో దాచుకుంటాయి. వాన వెలిశాక పైకి వచ్చిన వానపామును నెమలి ఆశగా మింగుతుంది. ఒక క్రిమి మరొక పురుగు గుడ్డులో దాగి, ఆ గుడ్డు ఇంకొక జీవి కడుపులో దాగి, చివరకు నెమలి పేగును చేరుతుందన్న మాట.

ఈ వ్యాధి క్రిమిని 1895లో వర్ణించినవాడు థియొబాల్డ్ స్మిత్. ఆయన చదివింది మనుషుల వైద్యం, పని చేసింది పశువుల మీద. పశువులలో వచ్చే టెక్సస్ జ్వరం గోమారి వల్ల వ్యాపిస్తుందని ఆయనా కిల్‌బోర్నూ 1893లో నిరూపించారు. ఒక కీటకమో పురుగో రోగాన్ని మోయగలదన్న ఆ ఊహ వైద్యశాస్త్రంలో స్థిరపడుతున్న రోజులలోనే, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హెటరాకిస్ గుడ్డుకూ హిస్టమోనాస్‌కూ ఉన్న సంబంధం 1920లో గ్రేబిల్, స్మిత్‌ల ప్రయోగాలతో బయటపడింది.

ఇందులో మనకు పనికివచ్చే పాఠం ఇది. కోళ్ళు తిరిగిన నేలలో పుట్టి పెరిగిన పాత నెమళ్ళు చిన్నప్పటి నుండి ఈ క్రిములను కొద్దికొద్దిగా చవి చూసి బతికి బట్టకట్టినవి కావచ్చు. నేల తగలకుండా జాలీ అరుగు మీద పెంచిన ఏడాది పిల్లను తెచ్చి ఆ మట్టిలో వదిలితే, అప్పుడు ప్రమాదం మందకు కాదు, వచ్చినదానికి. క్వారంటైన్ అనగానే కొత్తవాడి నుండి పాతవారికి రక్షణ అనుకుంటాము. నెమళ్ళ విషయంలో కొత్తదానిని పాతవారి నేల నుండి కాపాడే ఏర్పాటు కూడా అంతే అవసరం. పాత మంద రెట్టను ముందుగా పరీక్ష చేయించి, ఏలికపాములుంటే మందు వేయించి, కోళ్ళనూ నెమళ్ళనూ వేరు వేరు ఆవరణలలో ఉంచటం కొత్త పక్షిని కొనక ముందు చేయవలసిన పని.

ముప్ఫై రోజుల లెక్క

1377లో అడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం, ప్లేగు ఉన్న ఊళ్ళ నుండి వచ్చేవారు నగరంలోకి అడుగు పెట్టే ముందు 30 రోజులు విడిగా ఉండాలని శాసించింది. తరువాతి కాలంలో అది 40 రోజులయింది. ఇటాలియన్ భాషలో నలభైని చెప్పే మాట నుండే క్వారంటైన్ అన్న పేరు పుట్టింది. నెమళ్ళ పెంపకందారులు ఇప్పుడు సాధారణంగా పాటించే గడువు మళ్ళీ ఆ మొదటి 30 రోజులే. ఈ అంకెకు ఆధారం ఆచారం ఒక్కటే కాదు.

రోగక్రిమి ఒంట్లోకి చేరినప్పటి నుండి లక్షణాలు కనపడేదాకా కొంత వ్యవధి ఉంటుంది. రక్తపారుడు తెచ్చే కాక్సిడియా జాతి క్రిములకు అది వారం లోపే. హిస్టమోనాస్‌కు ఒకటి రెండు వారాలు. శ్వాసనాళాలను బాధించే మైకోప్లాస్మా రోజుల నుండి వారాల వరకు తీసుకుంటుంది, ఒక్కొక్కసారి ఏ లక్షణమూ లేకుండా నిద్రాణంగా ఉండి, ప్రయాణపు బడలికతోనో చలితోనో మేలుకుంటుంది. హెటరాకిస్ పాము పక్షి పేగులో ఎదిగి గుడ్లు పెట్టటానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి పక్షిని తెచ్చిన మర్నాడు చేయించిన రెట్ట పరీక్షలో గుడ్లు కనపడలేదంటే పాములు లేవని అర్థం కాదు, ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదని కూడా కావచ్చు. హెచ్ఐవీ పరీక్షలో విండో పీరియడ్ అని మేము చెప్పేది ఇదే. అందువల్ల పరీక్ష రెండు సార్లు చేయించాలి: వచ్చిన మొదటి వారంలో ఒకసారి, గడువు ముగిసే ముందు మరొకసారి.

క్వారంటైన్ అంటే పక్క గదిలో ఉంచటం కాదు. మంద ఉన్న చోటికి వీలైనంత దూరంలో, గాలి వాటానికి ఎదురుగా కాకుండా, వాన నీరు ఒక చోటి నుండి మరొక చోటికి పారకుండా ఉండే స్థలం కావాలి. నీళ్ళ గిన్నె, మేత గిన్నె, చీపురు, బూట్లు వేరుగా ఉండాలి. రోజూ ముందు పాత మంద పనులు ముగించుకొని, తరువాత కొత్తదాని దగ్గరకు వెళ్ళాలి. తిరిగి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆసుపత్రిలో అంటురోగాల గదికి చివరిగా వెళ్ళటం వెనుకనున్న తర్కమే ఇది. సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా పక్షి రెట్ట నుండి మనిషికీ రాగలదు కాబట్టి ఇంట్లో పసిపిల్లలుంటే ఈ నియమం వారి కోసం కూడా.

ఈ నెల రోజులలో అత్యంత ఉపయోగకరమైన పరికరం ఒక త్రాసు. పక్షి జాతులు జబ్బును దాచుకుంటాయి. గుంపులో నీరసంగా కనపడ్డది వేటాడే జంతువు కంట పడుతుంది కనుక చివరిదాకా నిటారుగానే నిలబడతాయి. ఈకల చాటున కండ కరిగిపోతున్నా పైకి తెలియదు. వారానికి ఒకసారి ఒక పెట్టెలో కూర్చోబెట్టి తూచి రాసుకుంటే, రెట్ట రంగు మారక ముందే బరువు చెబుతుంది. రొమ్ము ఎముకను చేత్తో తడిమితే అది కత్తి అంచులా తగలటమూ అదే సంగతిని తెలుపుతుంది.

దేశానికి సంబంధించిన ముప్పు

మనం కొక్కెర తెగులు అనే వ్యాధిని భారతీయ పశువైద్యులు రాణీఖేత్ వ్యాధి అంటారు, మిగిలిన ప్రపంచం న్యూకాజిల్ వ్యాధి అంటుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ జావాలోనూ గుర్తించిన ఈ వ్యాధి, తరువాత కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో కనపడి మన దేశంలో ఆ పేరు తెచ్చుకుంది. ఆస్ట్రేలియాలో 1998 నుండి 2002 వరకు న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాలలో ఇది తీవ్రరూపంలో వచ్చింది. అప్పుడు బయటపడిన విషయం వైద్యులకు ఆసక్తికరం: ఆ వైరస్ విదేశం నుండి రాలేదు. ఇక్కడి కోళ్ళలో హాని లేకుండా తిరుగుతున్న స్థానిక వైరస్సే మార్పు చెంది ప్రాణాంతకమయింది.

ఏవియన్ ఇన్‌ఫ్లుయెంజాదీ అలాంటి కథే. 1976లో విక్టోరియాలో తొలిసారి వచ్చినది మొదలు 2024 వరకు ఆస్ట్రేలియా కోళ్ళ ఫారాలలో తలెత్తిన తీవ్ర రూపాలన్నీ హెచ్7 ఉపరకానికి చెందినవే. 2024లో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెరా ప్రాంతాలలో ఒకే కాలంలో ఇది వచ్చినప్పుడు సోకిన ఫారాలలోని పక్షులన్నిటినీ చంపవలసి వచ్చింది. సూపర్‌మార్కెట్లలో మనిషికి ఇన్ని గుడ్లు అని పరిమితి పెట్టారు. అడవి బాతులు తేలిక రకం వైరస్సును లక్షణాలు లేకుండా మోస్తాయి. పొలంలోని చెరువు నీటిని బాతులూ నెమళ్ళూ కలిసి తాగుతుంటే ఆ వైరస్ పెంపుడు పక్షులలోకి దారి చేసుకుంటుంది. అందుచేత మేతనూ నీటినీ కప్పు కింద ఉంచటం, చెరువు నీటిని శుద్ధి చేయకుండా తాగనివ్వకపోవటం ఇక్కడ ప్రధానమైన జాగ్రత్తలు.

పెరటిలోని మూడు నెమళ్ళకూ ఇంత పెద్ద విషయానికీ సంబంధమేమిటి అనిపించవచ్చు. సంత నుండి తెచ్చిన ఒక పక్షి ప్రయాణం దాని వెనుకనున్న అన్ని పెరళ్ళనూ మన పెరడుతో కలుపుతుంది. ఒకటి రెండు రోజుల వ్యవధిలో ఒకటికి మించి పక్షులు ఆకస్మికంగా చనిపోయినా, తల వాచి ఊపిరాడక బాధపడినా, మెడ మెలి తిరిగినా, దానిని గోతిలో పూడ్చి ఊరుకోకూడదు. దేశమంతటికీ వర్తించే అత్యవసర పశువ్యాధుల ఫోన్ 1800 675 888 ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది. కబురు చేయటం చట్టప్రకారమూ బాధ్యతే. ఎవరి దగ్గర, ఏ తేదీన కొన్నామో రాసి ఉంచుకున్న ఒక్క కాగితం అప్పుడు ఎంతో విలువైనదవుతుంది.

మందలో ఎవరి చోటు ఎక్కడ

నార్వే దేశస్థుడు షెల్డెరుప్ ఎబ్బె చిన్నతనం నుండి ఇంటి కోళ్ళను గమనించి, 1921లో ఒక సిద్ధాంతాన్ని ప్రచురించాడు. మందలో ప్రతి కోడికీ తాను ఎవరిని పొడవవచ్చో, ఎవరి చేత పొడిపించుకోవాలో తెలుసునని, ఆ క్రమం ఒకసారి కుదిరితే పోట్లాటలు తగ్గిపోతాయని ఆయన చూపించాడు. పొడుచుకోవటం అరాచకమనిపిస్తుంది గానీ, నిజానికి అది శాంతిని నిలిపే ఒప్పందం. కొత్త పక్షి రాగానే ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది; ప్రతి జంట మధ్యా లెక్క మళ్ళీ తేలాలి.

పక్షులు ఒకదానినొకటి ప్రధానంగా తల, మెడ రూపును బట్టి గుర్తిస్తాయని కోళ్ళ మీద 1950లలో చేసిన ప్రయోగాలు సూచించాయి. తురాయి ఆకారాన్నో రంగునో మారిస్తే సొంత మందే దానిని కొత్తదానిలా చూసి పొడిచింది. కొన్ని వారాలు దూరమైన పక్షి కూడా తిరిగి వచ్చేసరికి పరాయిదవుతుంది. అందుకే వైద్యం కోసం వేరు చేసి ఉంచిన సొంత నెమలిని తిరిగి కలిపేటప్పుడు సైతం ఈ వ్యాసంలో చెప్పే క్రమాన్నే పాటించటం మంచిది.

నెమళ్ళ సంఘజీవనంలో కోళ్ళకు లేని విశేషాలు కొన్ని ఉన్నాయి. మగ నెమళ్ళు ఈడు కాలంలో ఒకే ప్రాంతంలో దగ్గరదగ్గరగా, ఎవరి రంగస్థలం వారిదిగా నిలిచి పురి విప్పి ఆడతాయి. ఆడ నెమళ్ళు వచ్చి చూసి ఎంచుకుంటాయి. ఇంగ్లండులోని విప్స్‌నేడ్ పార్కులో మరియన్ పెట్రీ బృందం చేసిన పరిశోధన ఒకటి 1999లో నేచర్ పత్రికలో వచ్చింది. అన్నదమ్ములైన మగ నెమళ్ళు, కలిసి పెరగకపోయినా, పెద్దయ్యాక ఒకరి పక్కన ఒకరు రంగస్థలాలు ఏర్పరచుకున్నాయని అందులో తేలింది. అవి ఒకరినొకరు ఎలా పోల్చుకుంటాయన్నది ఆశ్చర్యకరమైన ప్రశ్న. ఆడ నెమళ్ళు సాధువులన్న భావన కూడా సరి కాదు. పై స్థానంలో ఉన్న ఆడ నెమలి తనకు నచ్చిన మగదాని వద్దకు పదే పదే వెళ్ళి, మరొక ఆడదానికి అవకాశం దక్కకుండా అడ్డుపడుతుందని కూడా అదే పార్కులో గమనించారు. కొత్త ఆడ నెమలికి ఎక్కువగా ఎదురయ్యే ప్రతిఘటన మగదాని నుండి కాక పాత ఆడవాటి నుండే రావటానికి ఇదొక కారణం.

తల్లి నెమలి పిల్లలతో ఉన్నప్పుడు వేరే పిల్లలను దగ్గరకు చేర్చటం ప్రమాదకరం. పరాయి పిల్లను పొడిచి చంపటానికి తల్లికి ఒక్క నిమిషం చాలు. పిల్లలు కనీసం ఆరు నెలల వయసుకు వచ్చి, ఎగిరి తప్పించుకోగల శక్తి చిక్కాకనే పెద్దవాటితో కలపాలి.

ఋతువు తలకిందులైన చోట

ఆంధ్ర దేశంలో నెమలి తొలకరితో పురి విప్పుతుంది. ఆస్ట్రేలియాలో పుట్టిన నెమలి ఆగస్టు, సెప్టెంబరు నెలలలో మొదలుపెట్టి జనవరి దాకా జతకట్టే ఉత్సాహంలో ఉంటుంది. వానకూ మబ్బుకూ పాత్ర ఉన్నా, సమశీతోష్ణ మండలంలో పక్షులకు ప్రధానమైన పంచాంగం పగటి నిడివే. పక్షుల మెదడు లోతులలో కాంతిని గుర్తించే కణాలున్నాయి. పుర్రెను దాటి వచ్చే వెలుతురును అవి కళ్ళతో పని లేకుండా కొలుస్తాయి. పగలు పొడుగైతే మెదడులో థైరాయిడ్ హార్మోను టీ4 రూపం నుండి చురుకైన టీ3 రూపానికి మారి, జననగ్రంథులను మేల్కొలుపుతుందని జపాను శాస్త్రజ్ఞుడు యోషిమురా బృందం 2003లో కౌజు పక్షులలో చూపించింది. మన క్లినిక్కులలో రోజూ కొలిచే ఆ రెండు హార్మోన్లే అక్కడ వసంతాన్ని ప్రకటిస్తాయి.

ఈడు కాలంలో మగ నెమలికి మరొక మగ నెమలి శత్రువు. కాలి ముల్లుతో ఎగిరి తన్నుకుంటాయి. వేసవి చివర, జనవరి నుండి మార్చి మధ్య, పింఛం రాలుస్తాయి. కొత్త ఈకలు మొలిచేటప్పుడు వాటి కాడలలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది కాబట్టి అప్పుడు తగిలిన పోటుకు రక్తస్రావం ఎక్కువ. ఈకల నిర్మాణానికి మాంసకృత్తులూ ఎక్కువే కావాలి. అందుచేత ఆస్ట్రేలియాలో కొత్త నెమలిని కలపటానికి అనువైన కాలం ఏప్రిల్ నుండి జూలై వరకు. ఆ లెక్కన క్వారంటైన్ మార్చిలోనో ఏప్రిల్‌లోనో మొదలవ్వాలి. వసంతంలో ప్రకటన చూసి ముచ్చటపడి కొన్నది ఈ లెక్కకు అందదు.

కలిపే పద్ధతి

మన పల్లెలలో కొత్తగా కొన్న కోడిని వెంటనే వదలరు. గంప కింద కప్పో, కాలికి తాడు కట్టో కొన్నాళ్ళు వాకిట్లో ఉంచుతారు. పాత కోళ్ళు దానిని చూస్తాయి, అది ఇంటిని చూస్తుంది. కాలికి తాడు నెమలికి పనికిరాదు. బెదిరి పైకెగిరితే కాలు విరుగుతుంది. గంప వెనుకనున్న ఆలోచన మాత్రం చక్కనిది.

క్వారంటైన్ ముగిసి, రెండో పరీక్షా సవ్యంగా వచ్చాక, కొత్త నెమలిని మంద ఆవరణ పక్కనే జాలీ అడ్డుగా ఉన్న గదిలోకి మార్చాలి. ఒకటి నుండి రెండు వారాలు ఇవి ఒకదానినొకటి చూస్తూ, వింటూ, జాలీకి ఇరువైపులా పక్కపక్కనే మేస్తూ గడపాలి. జాలీ కన్నాలు తల దూరేంత పెద్దవి కాకూడదు. మొదటి రోజులలో పాతవి జాలీ వెంట అటూ ఇటూ పరుగెడతాయి, మెడ రిక్కిస్తాయి. ఆ ఆసక్తి తగ్గి పక్కన నిలబడి ఈకలు దువ్వుకుంటున్నాయంటే తలుపు తీసే రోజు దగ్గరపడిందని అర్థం.

తలుపు ఉదయం తీయాలి, అదీ రోజంతా ఇంటి పట్టున ఉండే సెలవు రోజున. చీకటి పడ్డాక దండెం మీద నిద్రపోతున్న పాతవాటి పక్కన కొత్తదానిని కూర్చోబెట్టే అలవాటు కొందరికి ఉంది. రాత్రి గొడవ ఉండదు, నిజమే. తెల్లవారి వెలుగు వచ్చి గొడవ మొదలయ్యే వేళకు మనం నిద్రలో ఉంటాము. తలుపు తీసే ముందు ఆవరణలోని వస్తువుల చోట్లు మార్చితే పాతవాటికి అది కాస్త కొత్త స్థలమవుతుంది. మేత గిన్నెలూ నీళ్ళ గిన్నెలూ పక్షుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువగా, ఒకదానికొకటి కనపడనంత దూరంలో పెట్టాలి. కొమ్మలూ గడ్డిమోపులూ అడ్డుగా నిలిపితే తరిమే పక్షి చూపు తెగుతుంది. చూపు తెగితే తరమటం ఆగుతుంది. ఎత్తు తక్కువైన, ఎక్కువైన దండేలు కొన్ని ఉండాలి. మూలలలో ఇరుక్కుపోకుండా ప్రతి చోటి నుండి రెండు దారులుండాలి.

ఒక్కదానిని కాక రెండిటిని కలిపితే పోట్ల భారం పంచుకోబడుతుంది. వీలైతే ఒకే వయసు పిల్లలను రెండిటిని తెచ్చుకోవటం మేలు. మూసి ఉన్న ఆవరణలో ఎదిగిన మగ నెమళ్ళు రెండిటిని ఉంచకపోవటమే క్షేమం. ఒక మగదానికి మూడు నుండి అయిదు ఆడవి అన్నది పెంపకందారుల వాడుక లెక్క.

ఏది మామూలు, ఏది ప్రమాదం? రెండడుగులు తరిమి ఆగటం, మేత దగ్గర ఒక పోటు పొడవటం, గుండెలెదురుగా నిలబడి చూసుకోవటం మామూలు; అందులో మనం దూరితే క్రమం తేలటం ఆలస్యమవుతుంది. ఆగకుండా తరమటం, రెండు మూడు కలిసి ఒకదానిపై పడటం, రక్తం కనపడటం, కొత్తది రోజంతా మేతకు రాకపోవటం ప్రమాదం. రక్తం కనపడిన పక్షిని వెంటనే తీసివేయాలి, ఎందుకంటే ఎర్రటి మచ్చ మిగిలినవాటిని పొడవమని పిలుస్తుంది. అప్పుడు కొత్తదానికి బదులు, దౌర్జన్యం చేస్తున్న పాతదానిని కొన్ని రోజులు బయట ఉంచటం తరచుగా మెరుగైన ఫలితమిస్తుంది. అది తిరిగి వచ్చేసరికి కొత్తదానికి మిగిలినవాటితో చోటు కుదిరి ఉంటుంది.

బయట తిరగనివ్వదలచినవారు మరొక గడువు కూడా లెక్కపెట్టుకోవాలి. ఈ ఇల్లు తనదని కొత్త నెమలికి తెలియటానికి కనీసం రెండు మూడు నెలలు మూసిన ఆవరణలో ఉండాలి. ముందే వదిలితే అది పాత ఇంటిని వెదుకుతూ పోతుంది. చెట్టెక్కి నిద్రించే దాకా నక్క భయమూ ఉంటుంది. నక్క కూడా ఇక్కడికి ఐరోపా వాళ్ళు వేట సరదాకు తెచ్చినదే.

ఇరుగుపొరుగు

ఊరి నియమాలను చివరగా ప్రస్తావిస్తున్నా, వరుసలో అవి మొదటివి. నెమళ్ళను ఉంచుకోవటం గురించి, శబ్దం గురించి, స్థల విస్తీర్ణం గురించి ప్రతి కౌన్సిలుకూ వేరే నియమాలుంటాయి. పక్షుల సంఖ్యను బట్టి స్థలాన్ని నమోదు చేయించుకోవటమూ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఈ రెండూ కొనక ముందే కనుక్కోవాలి. పొరుగువారికి ఫిర్యాదు చేసే అవసరం రాక ముందే ఒక మాట చెప్పి ఉంచటం చట్టం అడగని మర్యాద. కొత్త నెమలి కుదురుకోకపోతే దానిని తిరిగి ఇవ్వటానికి అమ్మినవారితో ముందే మాట తీసుకోవాలి. కుదరని పక్షిని దూరంగా పొదల్లో వదిలివేయటం దానికీ అక్కడి నేలకూ అన్యాయం. తోడులేని నెమలి నక్క పాలవుతుంది, తోడు దొరికితే మరొక నరబండా మొదలవుతుంది.

నెమలి ఇరవై ఏళ్ళ వరకు బతకగల పక్షి. ఆ ఆయుర్దాయం ముందు క్వారంటైన్‌కు ఒక నెల, జాలీ చాటున రెండు వారాలు, ఇల్లు తెలిసేదాకా రెండు మూడు నెలలు పెద్ద గడువేమీ కాదు.